రాగ్గా, డాన్స్‌హాల్ సింగిల్స్ కొనాలంటే: కింగ్‌స్టన్ ప్రెస్సింగా, లండన్‌దా, రీఇష్యూనా?

జమైకాలో డాన్సుల కోసం పుట్టిన సంగీతం డాన్స్‌హాల్, అందులో కంప్యూటర్, కీబోర్డు బీట్ల మీద సాగేది రాగ్గా. ఈ పాటలు రికార్డుల మీద పోగు చెయ్యాలని మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. ఒక పాట కోసం వెతికితే అది నాలుగు రకాలుగా ఎదురవుతుంది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ప్రెస్ చేసిన, అంటే అచ్చేసిన, 7 అంగుళాల సింగిల్ ఒకటి, అదే పాట లండన్ లేబుల్ మీద 12 అంగుళాల్లో ఇంకొకటి, న్యూయార్క్ ప్రెస్సింగ్ మరొకటి, ఈమధ్య జపాన్‌లోనో బ్రూక్లిన్‌లోనో మళ్లీ వేసిన రీఇష్యూ మరొకటి. వీటికి తోడు అదే పాట ఇంకో పదిహేను పాటలతో కలిసి ఏదో ఒక ఎల్‌పీలో కూడా ఉంటుంది. ధరలు చూస్తే ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన ఉండదు. ఏది కొనాలి అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు కానీ, మీరు రికార్డుతో ఏం చెయ్యబోతున్నారో చెబితే జవాబు చాలా తొందరగా దొరుకుతుంది.

నేను మాట్లాడేది ముఖ్యంగా 1985 నుంచి 2000ల మధ్య వరకు వచ్చిన పాటల గురించి. 1985 ఎందుకంటే, ఆ ఏడాదే వేన్ స్మిత్, నోయెల్ డేవీ అనే ఇద్దరు కుర్రాళ్లు ఒక చిన్న క్యాసియో ఎంటీ-40 కీబోర్డులో ముందే దాచి ఉన్న ఒక బీట్‌ను పట్టుకుని కింగ్ జామీ అనే నిర్మాత దగ్గరికి వెళ్లారు. ఆ బీట్‌ను క్యాసియో కంపెనీలో తయారుచేసింది ఒకుదా హిరోకో అనే జపాన్ అమ్మాయి. జామీ దాని వేగం తగ్గించి, వేన్ స్మిత్ చేత పాడించి విడుదల చేశాడు. అదే స్లెంగ్ టెంగ్. ఆ తర్వాత పాట రికార్డు చెయ్యడానికి స్టూడియోలో పూర్తి బ్యాండు కూర్చోవాల్సిన అవసరం పోయింది. ఖర్చు తగ్గింది, నిర్మాతలు పెరిగారు, వారం వారం సింగిల్స్ వరదలా వచ్చాయి. అలా వచ్చినవాటిలో ఎన్నో పాటలు ఏ ఎల్‌పీలోకీ, ఏ సీడీలోకీ ఎక్కలేదు. 7 అంగుళాల సింగిల్‌కి ఇప్పటికీ ఇంత విలువ ఉండటానికి అసలు కారణం ఇదే. ఈ సంగీతంలో సింగిలే అసలు రూపం, ఆల్బమ్ తర్వాత వచ్చి చేరినది.

కొనేముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, వినడానికా, మిక్స్ చెయ్యడానికా? ఇంట్లో కూర్చుని ఒక్కో పాట వినేవాళ్ల అవసరాలు వేరు, రెండు టర్న్‌టేబుళ్లు పెట్టి ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి వెళ్లేవాళ్ల అవసరాలు వేరు.

రెండోది వెర్షన్. డాన్స్‌హాల్ సింగిల్‌లో ఒక వైపు పాట ఉంటే, రెండో వైపు చాలావరకు అదే పాట గొంతు లేకుండా, ఉత్త వాయిద్యాలతో ఉంటుంది. దాన్నే వెర్షన్ అంటారు. జమైకాలో డీజే అంటే మైకు పట్టుకుని పాడేవాడు, రికార్డు వేసేవాడు సెలెక్టర్. సెలెక్టర్ పాట వేసి, జనం ఊగిపోతుంటే ప్లేటు తిప్పి వెర్షన్ పెడతాడు, దాని మీద డీజే అప్పటికప్పుడు పాడతాడు. మీకు ఆ వెర్షన్ మీద ఇష్టం ఉంటే, అది ఉన్న ప్రెస్సింగే కొనాలి. ఎల్‌పీ ఆ పనికి రాదు.

మూడోది శబ్దం. గరగర భరించగలరా? ఇది నిజాయితీగా అడుక్కోవాల్సిన ప్రశ్న. కొందరికి నాలుగు టిక్కులు వినిపిస్తే చాలు, పాట మీద మనసు నిలవదు.

నాలుగోది ధర, అంటే పోస్టేజీతో కలిపి ధర. మనం ఇండియాలో కూర్చుని కొంటుంటే రికార్డు కన్నా పోస్టేజీయే ఎక్కువయ్యే సందర్భాలు మామూలే.

ఐదోది, ఏ వరుసలో పోగు చేస్తారు? నా దృష్టిలో మిగతావాటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. దీని గురించి కింద విడిగా రాశాను.

| రకం | శబ్దం | వెర్షన్ | పోస్టేజీతో ఖర్చు | ఇబ్బంది |
|---|---|---|---|---|
| జమైకా 7 అంగుళాలు | గట్టిగా, బరువుగా, కానీ గరగర ఉండొచ్చు | దాదాపు ఎప్పుడూ ఉంటుంది | 90ల తర్వాతవి తక్కువ, 80లలో అరుదైనవి చాలా ఎక్కువ | మధ్య రంధ్రం పక్కకి ఉండటం, వంకర, తప్పు లేబుళ్లు |
| లండన్ 12 అంగుళాలు | అన్నిటికన్నా శుభ్రం, బాస్ ఎక్కువ | చాలాసార్లు ఉంటుంది | మధ్యస్థం, పోస్టేజీ ఎక్కువ | బరువు, చోటు |
| న్యూయార్క్ 7 అంగుళాలు | సాధారణంగా శుభ్రం | ఉంటుంది | తక్కువ | జమైకాదని పొరబడటం తేలిక |
| రీఇష్యూ 7 అంగుళాలు | మూలాన్ని బట్టి | ఎక్కువగా ఉంటుంది | మధ్యస్థం | అవీ అయిపోతాయి, దొంగ కాపీలు కలుస్తాయి |
| రిడిమ్ ఎల్‌పీ (ఒకే వాయిద్య ట్రాక్ మీద కట్టిన పాటలన్నీ కలిపినది) | శుభ్రం, కానీ కాస్త మెత్తన | సాధారణంగా ఉండదు | పాటకు లెక్కేస్తే అన్నిటికన్నా తక్కువ | ఎంపిక కంపెనీది, మీది కాదు |

జమైకా 7 అంగుళాల సింగిల్

అందరికీ ముందు మనసు లాగేది ఇదే. మధ్యలో పెద్ద రంధ్రం, అందంగా గానీ అవకతవకగా గానీ అచ్చైన కాగితం లేబుల్, బొమ్మలేవీ లేని ఉత్త కాగితం కవరు. కింగ్‌స్టన్‌లో డైనమిక్ సౌండ్స్, టఫ్ గాంగ్ లాంటి చోట్ల ప్రెస్సయ్యేవి. ఆరెంజ్ స్ట్రీట్ లాంటి వీధుల్లో ఉన్న షాపుల కౌంటర్ల మీద అమ్ముడయ్యేవి. మొదటి లక్ష్యం డాన్సుల్లో పెద్ద స్పీకర్లతో పాటలు వేసే సౌండ్ సిస్టమ్ కాబట్టి వీటి గాడిని గట్టిగా మోగేలా కట్ చేశారు. మంచి కాపీ దొరికి, మంచి స్పీకర్ల మీద పెడితే, ఆ బాస్ ఛాతీకి తగిలే తీరు ఏ డిజిటల్ ఫైల్‌లోనూ నాకు దొరకలేదు.

ఇక లోపాలు. ఇవి రికార్డుని జాగ్రత్తగా వాడకపోవడం వల్ల వచ్చేవి మాత్రమే కావు, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఉంటాయి. పాత ప్లాస్టిక్ కరిగించి మళ్లీ వాడటం వల్ల కొత్త రికార్డు కూడా గరగరమంటుంది. రంధ్రం సరిగ్గా మధ్యలో పడకపోతే పాట సన్నగా ఊగుతూ వినిపిస్తుంది, ముఖ్యంగా సాగదీసి పాడే గాయకుల గొంతు దగ్గర అది చెవికి తగులుతుంది. లేబుళ్లు తారుమారై అంటించినవి, ఒక వైపు అంటించాల్సింది ఇంకో వైపు అంటించినవి, పేర్లలో అక్షర దోషాలు, అసలు లేబులే లేని తెల్లవి, ఇవన్నీ మామూలే. అమ్మేవాళ్లు వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్ అనే గ్రేడు) అని రాసిన జమైకా ప్లేటుకీ, అదే గ్రేడు రాసిన లండన్ ప్లేటుకీ వినికిడిలో చాలా తేడా ఉంటుంది. గ్రేడు చూసి ఒకే అంచనా పెట్టుకుంటే నిరాశ తప్పదు.

రంధ్రం పక్కకి ఉన్న ప్లేటుకి ఒక చిట్కా ఉంది. పెద్ద రంధ్రంలో పెట్టే అడాప్టర్ తీసేసి, ప్లేటుని నేరుగా టర్న్‌టేబుల్ మీద పెట్టి, తిరిగేటప్పుడు నీడిల్ పక్కలకు ఊగడం గమనిస్తూ చేత్తో కొంచెం కొంచెం జరిపి సరిచెయ్యొచ్చు. పెద్ద రంధ్రం ఉన్న ప్లేట్లకే ఈ వెసులుబాటు. ఓపిక కావాలి, కానీ పనిచేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. జమైకా ప్రెస్సింగ్ అనగానే అది మొదటిసారి వేసినదే అనుకోకండి. హిట్ పాటల్ని నిర్మాతలు అదే లేబుల్ డిజైన్‌తో, అదే స్టాంపర్లతో (ప్లేట్లు అచ్చేసే లోహపు అచ్చులతో) ఏళ్ల తర్వాత కూడా మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లు. జామీస్ లేబుల్ మీద స్లెంగ్ టెంగ్ అమ్మకానికి కనిపిస్తే అది 1985దో, పదేళ్ల తర్వాతదో ఫోటో చూసి చెప్పడం కష్టం. లేబుల్ కాగితం మెరుపు, సిరా రంగు, అంచు ఆకారం, ప్లేటు చివర గాడి పక్కన చేత్తో చెక్కిన నంబరు, ఇవన్నీ కలిపి చూస్తేనే కొంత తెలుస్తుంది. పాట కోసమే కొంటున్నవాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు, తర్వాత వేసినది చవగ్గా వస్తే ఆనందంగా తీసుకోండి. మొదటి ప్రెస్సింగే కావాలని డబ్బు ఎక్కువ పెట్టేవాళ్లు మాత్రం చివరి గాడి ఫోటో అడక్కుండా కొనొద్దు.

లండన్ 12 అంగుళాలు

జమైకా ప్రెస్సింగే అసలు, లండన్‌ది నకలు అన్న మాట చాలామంది నోట వింటాం. నేను ఒప్పుకోను. 1975లో పశ్చిమ లండన్‌లో షాపుగా మొదలైన గ్రీన్‌స్లీవ్స్, తర్వాత లేబుల్‌గా ఎదిగి, కింగ్‌స్టన్ నిర్మాతల దగ్గర పాటలు తీసుకుని 12 అంగుళాల మీద వేసింది. 12 అంగుళాల ప్లేటు మీద ఒక వైపు ఒకే పాట 45 వేగంతో ఉంటే గాడి వెడల్పుగా పడుతుంది, బాస్‌కి చోటు దొరుకుతుంది, ప్లాస్టిక్ కూడా శుభ్రంగా ఉంటుంది. 80ల మధ్యలో వచ్చిన కంప్యూటర్ రిడిమ్‌ల విషయంలో నా ఓటు చాలాసార్లు లండన్‌కే. ఆ పాటల అందమంతా కింది బాస్ గీతలోనే ఉంది, దాన్ని గరగర మింగేస్తే మిగిలేది తక్కువ.

పైగా బ్రిటన్‌లోనే పుట్టిన డాన్స్‌హాల్ ఒకటుంది. 1980లో మొదలైన ఫ్యాషన్ రికార్డ్స్ మీద స్మైలీ కల్చర్, ఆషర్ సెనేటర్ లాంటివాళ్లు లండన్ యాసనీ కింగ్‌స్టన్ యాసనీ కలిపి పాడారు. వాటికి లండన్ ప్రెస్సింగే అసలుది, జమైకాది వెతకడంలో అర్థం లేదు. బర్మింగ్‌హామ్‌లోని హాండ్స్‌వర్త్ నుంచి వచ్చిన అపాచీ ఇండియన్ విషయమూ అంతే. పంజాబీ కుటుంబంలో పుట్టి, పంజాబీ మాటలు కలిపి రాగ్గా పాడిన ఆయన్ని 90లలో మనవాళ్లు టీవీలో చూశారు. 1996లో రెహమాన్ సంగీతంలో ఒక తమిళ సినిమాకి కూడా పాడాడు. మన తరంలో చాలామందికి రాగ్గా మొదట చెవిన పడింది ఆయన గొంతుతోనే, కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టాలనిపిస్తే సంకోచించకండి. ఆయన సింగిల్స్ బ్రిటన్ షాపుల్లో తేలిగ్గానే దొరుకుతాయి.

12 అంగుళాలకి అసలు ఇబ్బంది బరువు. 7 అంగుళాల ప్లేటు సుమారు 40 గ్రాములు, 12 అంగుళాలది దానికి మూడింతల పైనే. దూరదేశం నుంచి తెప్పించుకునేవాళ్లకి ఈ తేడా నేరుగా జేబు మీద పడుతుంది.

న్యూయార్క్ ప్రెస్సింగ్‌లు

కింగ్‌స్టన్‌లో రాండీస్ రికార్డ్ షాపు నడిపిన విన్సెంట్, ప్యాట్రీషియా చిన్ దంపతులు 70లలో న్యూయార్క్‌కి వెళ్లి వీపీ రికార్డ్స్ పెట్టారు. 2008లో గ్రీన్‌స్లీవ్స్‌ని కూడా కొనేశారు. 90లు, 2000లలో కింగ్‌స్టన్ పాటలు అమెరికా మార్కెట్‌కి చేరడంలో ఈ కంపెనీ చెయ్యి చాలా పెద్దది. ఇక్కడొక ఉచ్చు ఉంది. వీపీ ఉన్నది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, జమైకా అనే పేటలో. లేబుల్ మీద జమైకా అన్న పేరు చూసి కింగ్‌స్టన్ ప్రెస్సింగ్ అనుకుని ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లున్నారు. చిరునామాలో పక్కన న్యూయార్క్ అని ఉందో లేదో చూడండి.

శబ్దం వరకు ఇవి చక్కటివి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వినడానికి కొనేవాళ్లు 90ల చివరి పాటల్ని న్యూయార్క్ ప్రెస్సింగ్‌లో తీసుకుంటే ఏమీ కోల్పోరు.

రీఇష్యూలు

80ల రెండో సగంలో చిన్న చిన్న లేబుళ్ల మీద కొద్ది కాపీలే వచ్చి, అప్పట్లో ఎవరూ పట్టించుకోని పాటలు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు అసలు కాపీ ధర వింటే కళ్లు తిరుగుతాయి. రీఇష్యూ అవసరం అక్కడే. టోక్యోలోని డబ్ స్టోర్, బ్రూక్లిన్‌లోని డిజికిల్లర్, బెర్లిన్‌లోని బేసిక్ రీప్లే లాంటి లేబుళ్లు ఈ పని శ్రద్ధగా చేశాయి. నిర్మాతల్ని వెతికి పట్టుకుని, ఒప్పందం చేసుకుని వేసే రీఇష్యూ కొంటే ఆ డబ్బులో కొంతైనా పాట పుట్టించినవాళ్లకి చేరుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఎంత పెట్టి కొన్నా వాళ్లకి ఒక్క రూపాయి కూడా వెళ్లదు. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

చూసుకోవాల్సింది మూలం. టేపు నుంచి చేశారా, పాత ప్లేటు నుంచే ఎక్కించారా? రెండోదైతే పాత గరగర కూడా వెంట వస్తుంది. లేబుల్ పేరే లేకుండా, ఎవరు వేశారో తెలియకుండా అచ్చం పాతదానిలా కనిపించే కొత్త ప్లేట్లు కూడా తిరుగుతుంటాయి, వాటికి దూరంగా ఉండండి. ఇంకోటి, రీఇష్యూలు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయన్న భరోసా పెట్టుకోవద్దు. తక్కువ కాపీలే వేస్తారు, రెండు మూడేళ్లలో వాటికీ సెకండ్‌హ్యాండ్ ధర వచ్చేస్తుంది.

90ల పాటలకు మాత్రం రీఇష్యూ కోసం ఎదురుచూడక్కర్లేదు. అసలు జమైకా ప్లేట్లే నాలుగైదు డాలర్ల దగ్గర ఇప్పటికీ బోలెడు ఉన్నాయి.

రిడిమ్ ఎల్‌పీలు

రిడిమ్ గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈ భాగం అర్థం కాదు. ఒక నిర్మాత ఒక వాయిద్య ట్రాక్ తయారుచేస్తాడు, దానికొక పేరు పెడతాడు. దాని మీద పది, ఇరవై, ఒక్కోసారి అంతకు మించి గాయకులు తలా ఒక కొత్త పాట కడతారు. ఒకే డప్పు దరువు మీద ఊరికొక పాట కట్టినట్టు. ఒక్కో పాటా ఒక్కో సింగిల్‌గా వస్తుంది. 2000 తర్వాత గ్రీన్‌స్లీవ్స్ తన రిథమ్ ఆల్బమ్ సిరీస్‌లో, వీపీ తన రిడిమ్ డ్రివెన్ సిరీస్‌లో, అలాంటి పాటలన్నిటినీ కలిపి రెండు ప్లేట్ల ఎల్‌పీలుగా వేశాయి.

మనకు తెలిసిన పేరుతోనే ఒక ఉదాహరణ ఉంది. స్టీవెన్ లెంకీ మార్స్‌డెన్ చేసిన దీవాలి రిడిమ్, చప్పట్ల మీద నడిచే బీట్. గ్రీన్‌స్లీవ్స్ సిరీస్‌లో అది 27వది. దాని మీద వేన్ వండర్, బౌంటీ కిల్లర్, ఎలిఫెంట్ మ్యాన్ పాడారు. షాన్ పాల్ పాట 2003లో అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. రిడిమ్ అంటే ఏమిటో ఒక్క సాయంత్రంలో అర్థం కావాలంటే ఆ ఎల్‌పీ మించిన దారి లేదు. ఒకే ట్రాక్‌ని ఒకరు మెత్తగా, ఒకరు కేకలేస్తూ, ఒకరు ప్రేమగా వాడుకోవడం వరసగా వినిపిస్తుంది.

కానీ వైపుకి నాలుగైదు పాటలు కుక్కుతారు కాబట్టి గాడి ఇరుకు, శబ్దం సింగిల్ అంత గట్టిగా ఉండదు. వెర్షన్ సాధారణంగా ఉండదు. ఏ పాటలు ఉండాలో కంపెనీ తేలుస్తుంది, మీకు నచ్చిన పాట అందులో లేకపోవచ్చు. మిక్స్ చేసేవాళ్లకి ఒకే ప్లేటు మీద ఉన్న రెండు పాటల్ని కలపడం కుదరదన్నది చెప్పక్కర్లేదు.

ఏ వరుసలో పోగు చెయ్యాలి?

పైన చెప్పిన ప్రెస్సింగ్‌ల గొడవంతా ఈ ప్రశ్న తర్వాతే. వరుస లేకుండా కనిపించినదల్లా కొంటే పెట్టె నిండుతుంది, కానీ ఒక ప్లేటుకీ ఇంకో ప్లేటుకీ సంబంధం ఉండదు. నాలుగు వరుసలున్నాయి.

| వరుస | లాభం | నష్టం |
|---|---|---|
| రిడిమ్ వారీగా | మిక్సింగ్‌కి బాగుంటుంది, పోల్చి వినొచ్చు | కొన్ని పాటలు మామూలువే అయినా సెట్టు కోసం కొనాలనిపిస్తుంది |
| నిర్మాత, లేబుల్ వారీగా | ఒక స్టూడియో శబ్దం ఎలా మారిందో తెలుస్తుంది | మొదటి ఏళ్ల ప్లేట్లు ఖరీదు |
| గొంతు వారీగా | ఇష్టంతో సాగుతుంది | పెద్ద పేర్లకి అంతు ఉండదు |
| కాలం వారీగా | హద్దు స్పష్టం | మంచి పాటలు హద్దు బయట ఉండిపోతాయి |

నేను అందరికీ చెప్పేది రిడిమ్ వారీగా మొదలుపెట్టమనే. సింగిల్ అనే రూపం దేనికోసం ఉందో అది అప్పుడే తెలుస్తుంది. స్లెంగ్ టెంగ్ తీసుకోండి. వేన్ స్మిత్ పాట పక్కన టెనర్ సా, జానీ ఆస్బర్న్, జాన్ వేన్ అదే ట్రాక్ మీద పాడినవి పెట్టండి. నాలుగు ప్లేట్లతో ఒక చిన్న చరిత్ర మీ చేతిలో ఉంటుంది. లేదా జెరెమీ హార్డింగ్ చేసిన ప్లేగ్రౌండ్, 1997లో బీనీ మ్యాన్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చిన రిడిమ్. షాన్ పాల్ తొలి హిట్లలో ఒకటీ దీని మీదే ఉంది, రెండూ తేలిగ్గా దొరుకుతాయి. ఇంకాస్త వెనక్కి వెళ్లాలంటే విన్‌స్టన్ రైలీ నిర్మించిన స్టాలాగ్ ఉంది. 70ల మొదట్లో పుట్టిన ట్రాక్ అది. 1982లో సిస్టర్ నాన్సీ దాని మీద పాడింది, 1985లో టెనర్ సా పాడాడు. బ్యాండు వాయించిన ట్రాక్ కంప్యూటర్ కాలంలో కూడా ఎలా బతికిందో దానిలో వినొచ్చు.

రిడిమ్‌ల తర్వాత నా ఇష్టం నిర్మాతల వరుస, ఎందుకంటే వాళ్లు ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకున్నారు. జామీ స్టూడియోలో వాయించిన స్టీలీ, క్లీవీ జంట బయటికొచ్చి సొంత లేబుల్ పెట్టుకుంది. అక్కడే ఇంజనీరుగా పనిచేసిన బాబీ డిజిటల్ తన డిజిటల్ బీ లేబుల్‌తో షబ్బా ర్యాంక్స్‌ని పెద్దవాణ్ణి చేశాడు. డోనోవన్ జెర్మైన్ పెంట్‌హౌస్ స్టూడియోలో ఇంజనీరుగా ఉన్న డేవ్ కెల్లీ తర్వాత మ్యాడ్‌హౌస్ పెట్టి 90ల శబ్దాన్నే మార్చేశాడు. ఒక్కో లేబుల్ నుంచి రెండు మూడు ప్లేట్లు పక్కపక్కన పెట్టి వింటే ఈ చుట్టరికం చెవికే తెలుస్తుంది. స్టీలీ, క్లీవీ ఫిష్ మార్కెట్ రిడిమ్‌నీ, షబ్బా ర్యాంక్స్ పాడిన డెమ్ బోనీ ఒకదాని వెంట ఒకటి వినండి, ఈరోజు లాటిన్ అమెరికా రెగెటోన్ పాటల్లో మోగుతున్న కొట్టుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

గొంతు వారీగా వెళ్లేవాళ్లు పేరు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. బీనీ మ్యాన్, బౌంటీ కిల్లర్ వందల్లో సింగిల్స్ చేశారు, అవన్నీ పోగు చెయ్యడం ఒక జీవితకాలం పని. టెనర్ సా 1988లో చిన్నవయసులోనే పోయాడు, ఆయన పాటలు కొన్నే, కానీ ఒక్కోటి ఆణిముత్యం, ధర కూడా అలాగే ఉంటుంది. సూపర్ క్యాట్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటాడు. 1845 నుంచి జమైకాకి కూలీలుగా వెళ్లిన భారతీయుల వారసత్వం ఉన్నవాడు, సొంత లేబుల్‌కి వైల్డ్ అపాచీ అని పేరు పెట్టుకున్నాడు. మన వాళ్లు ఎవరైనా ఒక గొంతు పట్టుకుని మొదలుపెడతామంటే నేను ముందు ఆయన పేరే చెబుతాను.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఈ పాటల్లో తుపాకుల గొప్పలు, ఆడవాళ్ల మీద మోటు మాటలు, స్వలింగ సంపర్కుల మీద విద్వేషం ఉన్నవి తక్కువేం కాదు. గాయకుడు బూజు బాంటన్ చిన్నప్పుడు పాడిన అలాంటి ఒక పాటని 2019లో తన జాబితా నుంచే తీసేశాడు. జమైకా యాస మొదట్లో అర్థం కాదు కాబట్టి సాహిత్యం తెలుసుకున్నాకే కొనండి, నలుగురిలో వేసేముందైతే తప్పనిసరిగా.

ఇండియాలో ఉంటే

హైదరాబాద్, బెంగళూరు రికార్డు షాపుల్లో బాబ్ మార్లీ ఎల్‌పీలు దొరుకుతాయి కానీ డాన్స్‌హాల్ సింగిల్స్ దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. బయటి నుంచే తెప్పించుకోవాలి. రికార్డులు అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఒక్కో ప్లేటు ఒక్కో అమ్మకందారు దగ్గర కొంటే పోస్టేజీ, దాని మీద కస్టమ్స్ కలిపి నడ్డి విరుస్తాయి. ఒకే అమ్మకందారు దగ్గర ఇరవై ముప్పై సింగిల్స్ ఒకేసారి ఎంచుకోండి. న్యూజెర్సీలోనో లండన్‌లోనో అన్నయ్యో, పిన్ని కూతురో ఉంటే వాళ్ల చిరునామాకి చేర్చుకుని, వాళ్లు వచ్చేటప్పుడు తెప్పించుకోవడం అన్నిటికన్నా తెలివైన దారి. యాభై సింగిల్స్ కలిపినా రెండు కిలోలే, చేతి సంచిలో పట్టేస్తాయి. 12 అంగుళాలకి ఈ సౌకర్యం లేదు. మన పరిస్థితిలో 7 అంగుళాల వైపు తూకం మొగ్గడానికి ఇదొక్కటే చాలు.

ఎండ సంగతి కూడా ఉంది. విజయవాడ, రామగుండం మే నెల ఎండలో కారులో మరిచిపోయిన ప్లేటు మళ్లీ పనికి రాదు. నిలువుగా, ఒరగకుండా, గోడకి ఎండ తగలని వైపు పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమకి కాగితం కవర్లు బూజు పడతాయి కాబట్టి వచ్చిన రోజే కొత్త ప్లాస్టిక్ కవర్లలోకి మార్చాలి.

టర్న్‌టేబుల్ విషయంలో, సూట్‌కేసులా మడిచే చవక ప్లేయర్ల మీద ఈ ప్లేట్లు వెయ్యొద్దు. గట్టిగా కట్ చేసిన బాస్ దగ్గర నీడిల్ ఎగిరిపోతుంది, గాడి పాడవుతుంది. బరువు సరిచేసుకోగల ఆర్మ్, మామూలు గుండ్రని మొన ఉన్న నీడిల్, పెద్ద రంధ్రానికి అడాప్టర్, ఈ మూడూ ఉంటే చాలు. అడాప్టర్ ప్లాస్టిక్‌ది కన్నా లోహంది స్థిరంగా ఉంటుంది.

మరి మీకు ఏది?

ఇంట్లో వినడానికి, శుభ్రమైన శబ్దం కావాలనుకునేవాళ్లు: 80ల పాటలకి లండన్ 12 అంగుళాలు, 90ల పాటలకి న్యూయార్క్ 7 అంగుళాలు. జమైకా ప్లేటుతో మొదలుపెడితే మొదటి పార్సిల్‌తోనే విసుగొచ్చి వదిలేసే ప్రమాదం ఉంది.

మిక్స్ చెయ్యాలనుకునేవాళ్లు: జమైకా 7 అంగుళాలే, 1995 నుంచి 2004 మధ్యవి, రిడిమ్‌కి నాలుగైదు చొప్పున. కాస్త గరగర ఉన్నా నలుగురు ఆడుతున్నప్పుడు వినపడదు, ధర తక్కువ కాబట్టి వాడటానికి చెయ్యి వణకదు.

ఇప్పుడిప్పుడే వింటున్నవాళ్లు, డబ్బు ఎక్కువ పెట్టలేని విద్యార్థులు: రెండు రిడిమ్ ఎల్‌పీలు కొనండి. వాటిలో ఏ పాట మళ్లీ మళ్లీ పెడుతున్నారో చూసి, ఆ పాట సింగిల్ తెప్పించుకోండి.

80ల అరుదైన డిజిటల్ పాటల పిచ్చి పట్టినవాళ్లు: రీఇష్యూ ఉంటే రీఇష్యూ. అసలు కాపీ మీద వేలు ఖర్చు పెట్టేముందు దాన్ని వినిపించమని అమ్మకందారుని అడగండి, చిన్న వీడియో పంపడానికి మంచివాళ్లు అభ్యంతరం చెప్పరు.

పెట్టుబడిగా చూసేవాళ్లకి నా దగ్గర సలహా లేదు. 90ల సింగిల్స్ విపరీతంగా ప్రెస్సయ్యాయి, ధర పెరుగుతుందని కొనేవి కావు అవి, వెయ్యడానికి కొనేవి.

పార్సిల్ వచ్చాక చెయ్యాల్సిన పని ఒకటుంది. డిస్టిల్డ్ నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడవండి, లేబుల్ తడవనివ్వకండి, జమైకా సిరా నీళ్లు తగిలితే కారిపోవచ్చు. ఆరాక రెండు వైపులా పూర్తిగా వినండి, రిటర్న్ గడువు లోపలే. లేబుల్ మీద రాసిన పాటే మోగుతోందా, రెండో వైపు వెర్షన్ అదే రిడిమ్‌దేనా చూసుకోండి. వేరే పాట మోగితే వెంటనే తిప్పి పంపకండి, ముందు అదేమిటో కనుక్కోండి. లేబుల్ తప్పుగా అంటించిన ప్లేట్లలో, అనుకున్నదాని కన్నా మంచి పాట ఉండటం కూడా జరుగుతుంటుంది.